బస్సెక్కి సరుకులు తెచ్చే పరీక్ష

నాకు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉందని తేలి ఆరేళ్లయింది. మందులు మొదలుపెట్టాక చెవిలో మాటలు ఆగాయి కానీ మతిమరుపు పోలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి పక్క గదిలోకి వెళ్తే మాడు వాసన వచ్చేదాకా గుర్తే ఉండదు. ఇదీ జబ్బులో భాగమేనని, దీనికంటూ ఆమోదం పొందిన మందు ఇంకా లేదని డాక్టరుగారు చెప్పారు. అలాంటి మందు కోసం జరుగుతున్న ఒక ట్రయల్‌లో చేరాను. మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలో.

పొద్దున కాగితం, పెన్సిలు పరీక్షలు పెట్టారు. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలిగితే అన్ని చెప్పమన్నారు. నోటికి ఆవు, గేదె, మేక వస్తున్నాయి. వాటిని ఇంగ్లీషులోకి మార్చుకునేసరికి నిమిషం అయిపోయింది.

మధ్యాహ్నం వీఆర్‌ఎఫ్‌క్యాట్, అంటే రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలమో వర్చువల్ రియాలిటీలో (కంప్యూటర్ సృష్టించిన లోకంలో) చూసే పరీక్ష. వర్చువల్ రియాలిటీ అంటే తలకు హెడ్‌సెట్ తగిలిస్తారని, పాత భయాలు తిరగబెడతాయని చాలా టెన్షన్ పడ్డాను. చేతికి ట్యాబ్లెట్ ఇచ్చారంతే. తెర మీద ఒక వంటిల్లు. వంటకానికి ఏమేం కావాలో చదివి, ఇంట్లో ఉన్నవి వెతికి, లిస్టులో కొట్టేయాలి. తర్వాత సరైన బస్సెక్కి, చార్జీకి సరిగ్గా సరిపడా చిల్లర ఇచ్చి, షాపులో మిగతావి కొని, మళ్లీ బస్సులో ఇంటికి రావాలి. మొత్తం 12 పనులు. పట్టిన సమయం, చేసిన తప్పులు రెండూ లెక్కకొస్తాయి. ఎక్కడైనా మరీ ఆగిపోతే అదే తర్వాతి పనికి తీసుకెళ్తుంది.

అల్మారా తెరిచాక ఏం వెతుకుతున్నానో మరిచిపోయాను. మా ఇంట్లో రోజూ జరిగేది సరిగ్గా ఇదే. ఆరేళ్లుగా ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయింది తెర మీద కనిపిస్తుంటే ఏడుపొచ్చింది.

బస్సులో చిల్లర తప్పిచ్చాను. ఇక్కడ పది సెంట్ల బిళ్ల ఐదు సెంట్ల దానికంటే చిన్నది. నేను అన్నిచోట్లా కార్డే వాడతాను, నాణేలు ముట్టుకునేదే తక్కువ. మరి ఆ తప్పు జబ్బుదా, అలవాటు లేకపోవడం వల్ల వచ్చిందా? పరీక్ష పెట్టిన అమ్మాయిని అడిగాను. ఆమె రాసుకుంది కానీ స్కోరు మార్చే వీల్లేదంది. మందుకు ముందు, తర్వాత నా స్కోర్లనే పోల్చి చూస్తారు కాబట్టి పెద్ద నష్టం లేకపోవచ్చు. కానీ ఒక్కసారి వచ్చిన స్కోరుతోనే మనిషిని అంచనా వేసేచోట, వేరే దేశం నుంచి వచ్చినవాళ్ల విషయంలో ఈ అలవాటు తేడాను చూసి తీరాలి.

రాత్రి మా ఆయనకు అల్మారా సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నువ్వు శ్రద్ధ పెట్టట్లేదనుకునేవాణ్ణి" అన్నారు. మర్నాడు ఆయనే ఒక టైమర్ కొనుక్కొచ్చి పొయ్యి పక్కన పెట్టారు.