సున్నం వెయ్యని గది

వీడియో కాల్‌లో గది చూపించగానే అమ్మ అడిగిన మొదటి మాట, "గోడలకి సున్నం వెయ్యలేదేటే?" అని.

వెయ్యలేదమ్మా, కావాలనే వెయ్యలేదు. అదొక పాతకాలం ఇంట్లో వంటగది. తరతరాలుగా పొయ్యి పొగ పట్టి గోడ నడుము ఎత్తు నుంచి కప్పు దాకా నల్లగా ఉంది. ఇప్పుడది హోటల్ గది.

నేనుండేది ఇటలీలోని లాక్విలాలో, చదువుకోసం వచ్చి మూడో ఏడు. మా ఊరికి 30 కిలోమీటర్ల లోపే సాంతో స్తెఫానో ది సెస్సానియో అనే కొండమీది ఊరుంది. ఆ హోటల్ అక్కడే. 1,250 మీటర్ల ఎత్తు. బస్సులు తక్కువ, ల్యాబ్‌లో స్నేహితురాలు కారు తీస్తేనే నా ప్రయాణం. ఆ హోటల్లో దిగే స్తోమత నాకు లేదని ముందే చెప్పేస్తున్నా. రిసెప్షన్‌లో అమ్మాయిని బతిమాలితే ఖాళీగా ఉన్న గదొకటి చూపించింది. దాని తాళంచెవి నా అరచెయ్యంత ఉంది.

ఈ ఊరు బతికింది గొర్రెల మీద. 1579 నుంచి 1743 దాకా ఇది ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచి వంశం చేతిలో ఉండేది. ఇక్కడి ముతక నల్ల ఉన్నితో సైనికుల బట్టలు, సన్యాసుల అంగీలు కుట్టేవారట. చలికాలం వస్తే కాపరులు మందల్ని తోలుకుని వందల కిలోమీటర్లు నడిచి దక్షిణాన ఉన్న పూల్యా మైదానాలకి దిగేవారు, ఎండలు ముదిరాక మళ్లీ కొండెక్కేవారు. ఊరికి వేరే కోటగోడ లేదు. అంచున ఉన్న ఇళ్లే ఒకదాని వీపు ఒకటి ఆనుకుని గోడైపోయాయి. ఉన్ని బేరం పోయాక మనుషులూ పోయారు, రోముకి కొందరు, సముద్రాలు దాటి కొందరు. ఇళ్లు తాళాలతో మిగిలాయి.

1999లో దానియేలె కిల్గ్రెన్ అనే ఆయన మోటారు సైకిల్ మీద తిరుగుతూ ఇక్కడికొచ్చి పడ్డాడు. ఆయనది సిమెంటు వ్యాపారం చేసిన కుటుంబం. ఆ డబ్బుతోనే ఇక్కడ పాడుబడ్డ ఇళ్లు ఒక్కోటీ కొని హోటల్ చేశాడు, ఊళ్లో కొత్త కట్టడాలు రాకుండా చూడమని పంచాయతీని ఒప్పించాడు. సిమెంటు సొమ్ముతో సిమెంటుని ఊరి బయట నిలబెట్టడం నాకు భలే నచ్చింది. హోటల్ ఒకే భవనం కాదు. ఒక గది ఈ సందులో, ఇంకోటి ఆ మెట్ల పైన. ఇలాంటివాటిని ఇక్కడ 'అల్బెర్గో దిఫ్ఫూజో' అంటారు, ఊరంతా పరుచుకున్న హోటల్ అనుకోండి. 1976లో ఇటలీ ఈశాన్యాన ఉన్న ఫ్రియూలీలో వచ్చిన భూకంపం తర్వాత ఖాళీ అయిన ఇళ్లని ఏం చేయాలన్న ఆలోచనలోంచి పుట్టిందీ పద్ధతి.

మంచం మీద ఉన్ని పరుపు, మగ్గం మీద నేసిన దుప్పటి. దుప్పటి ముట్టుకుని చూశాను. మా నాయనమ్మ గొంగళిలాగే చేతికి గుచ్చుకుంది. వేడి మాత్రం నేల కింద దాచిన పైపుల్లోంచి వస్తుంది, కాపరులకి లేని సుఖం!

"మన వంటిల్లూ ఇలాగే ఉండీది. దాన్ని కొట్టించడానికి కూలీలకి మనమే ఎదురు డబ్బులిచ్చాం కదే," అంది అమ్మ. పార్వతీపురం దగ్గర మా ఊళ్లో ఆ వంటిల్లున్న చోట ఇప్పుడు శ్లాబు ఇల్లుంది, మేలో లోపల కూర్చోలేం. అయినా అమ్మని తప్పు పట్టలేను. ఆ పొగలో ముప్పయ్యేళ్లు దగ్గింది ఆవిడ.

2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున 3:32కి లాక్విలాలో భూమి కంపించి 309 మంది పోయారు. ఈ ఊళ్లోని గుండ్రటి రాతి బురుజు కూడా కూలింది. తర్వాత మళ్లీ కట్టారు.

గోడలైతే మళ్లీ లేచాయి. మనుషుల సంగతే తేలలేదు. 2020లో పంచాయతీ ఒక ప్రకటన ఇచ్చింది: 40 ఏళ్ల లోపువాళ్లు వచ్చి కనీసం ఐదేళ్లు కాపురముంటే మూడేళ్లపాటు డబ్బులిస్తాం అని. అప్పటికి ఊరి జనాభా 115. అందులో 20 ఏళ్ల లోపువాళ్లు 13 మంది. సాయంత్రం సందులన్నీ తిరిగాను. కిటికీల్లో దీపాలు బాగానే ఉన్నాయి, కానీ తీగ మీద ఆరేసిన బట్టలు ఒక్కచోటే కనిపించాయి. హోటల్ లేకపోతే అవీ ఉండేవి కావేమో. ఊళ్లో అందరికంటే ఎక్కువ చప్పుడు చేసింది రాళ్ల మీద లాగే సూట్‌కేసుల చక్రాలే అని మాత్రం రాసి తీరాలి.

నాకు ఆ ఊరు నిజంగా దొరికింది పప్పులో. ఇక్కడ 1,000 మీటర్ల పైన రాళ్ల పొలాల్లో ఒక రకం మసూర్ పండుతుంది. గింజ ఆవగింజకి అక్క, పెసరగింజకి చెల్లి. పొట్టు ముదురు గోధుమ రంగు. నానబెట్టక్కర్లేదు. కాయలన్నీ ఒకేసారి పండవు కాబట్టి మిషన్ కోతకి లొంగదు, చాలావరకు చేత్తో పీకాల్సిందే. ఊళ్లో ఒక చిన్న భోజన హోటల్లో వెల్లుల్లి, బిర్యానీ ఆకు వేసి ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి, కాల్చిన రొట్టె ముక్కతో ఇచ్చారు. రెండు గిన్నెలు తిన్నాను. కొట్లో ముసలావిడ పావుకిలో సంచి కడుతూ, "ఉప్పు చివర్లో వెయ్యి," అని రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చి ఎండుమిరపకాయ, జీలకర్ర పోపు పెట్టాను. ఉప్పు చివర్లోనే వేశాను. అమ్మకి గిన్నె చూపిస్తే, "బాగుందే, వచ్చేటప్పుడు ఓ రెండు కిలోలు తే," అంది. ధర అడిగితే సగమే చెప్పాను.