ఫ్లోమ్ రేవులో ఓడ ఆగిన రోజు

నార్వే ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) క్రూజ్ బుక్ చేసుకున్నాక మనవాళ్లు మొదట అడిగేది క్యాబిన్‌కి బాల్కనీ ఉందా, భోజనంలో పప్పన్నం దొరుకుతుందా అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఓడ ఫ్లోమ్‌లో ఎన్నింటికి ఆగుతుంది, అందరూ తిరిగి ఎక్కేయాల్సిన టైమ్ ఎంత? ఆ రెంటి మధ్య ఒక పెద్ద పని, ఒక చిన్న పని పడతాయి. మూడోది కూడా పెట్టుకుంటే మూడూ చెడతాయి. విజయవాడ, గుంటూరు నుంచి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్ల కోసం ఈ పోస్టు.

ఫ్లోమ్ ఒక పల్లెటూరు. సోగ్నె ఫియోర్డ్ నుంచి కొమ్మలా చీలిన అవుర్లాండ్ ఫియోర్డ్‌కి చిట్టచివర ఉంటుంది. ఊళ్లో ఉండేది కొన్ని వందల మంది, ఒక్క పెద్ద ఓడ వస్తే దిగేది వేల మంది. అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఈ లెక్కలోంచే పుడతాయి. సోగ్నె ఫియోర్డ్ పొడవు 200 కిలోమీటర్ల పైమాటే, బాగా లోతైన చోట 1,300 మీటర్లు. పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్లకు రెండు కొండల మధ్య నీళ్లు కొత్తేమీ కాదు. కానీ ఈ లోయ పుట్టుక వేరు. అక్కడ కొండను కోసింది గోదావరి, ఇక్కడ దొలిచింది హిమానీనదం. నది కోసిన లోయ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. హిమానీనదం దొలిచింది గోలెంలా ఉంటుంది, గోడలు నిటారు, అడుగు వెడల్పు. మంచు వెనక్కి తగ్గాక సముద్రం లోపలికొచ్చింది. అందుకే అంతంత ఓడలు ఊరి గుమ్మం దాకా రాగలుగుతున్నాయి.

వీసా సంగతి. నార్వేకి షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి, ఒక్క పూట దిగినా సరే. ఓడ సౌతాంప్టన్‌లో బయల్దేరేదైతే దాంతోపాటు బ్రిటన్ వీసా కూడా ఉండాలి. ఓడ ఆగే ఊళ్లన్నీ చూసుకుని, షెంగెన్ దాటి బయటికి పోయి మళ్లీ లోపలికొచ్చే దారైతే మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సింగిల్ ఎంట్రీ చేతికొచ్చాక మార్పించుకోవడం పెద్ద తలనొప్పి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో వైద్యానికి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి.

మే నెలలో బెజవాడ ఎండల్లోంచి వెళ్లేవాళ్లకు అక్కడి పది, పదిహేను డిగ్రీలు ఒంటికి పట్టవు. పైగా ఏ గంటలో వాన పడుతుందో తెలియదు. ఒకే లావు స్వెట్టర్ కంటే పల్చటివి మూడు పొరలు మేలు. లోపల థర్మల్, మధ్యన ఉన్నిది, పైన టోపీ ఉన్న రెయిన్‌కోటు. లోపల కాటన్ బనీను వేసుకుంటే తడి ఆరక వణుకు పుడుతుంది. గొడుగు నమ్ముకోవద్దు, గాలికి తిరగబడుతుంది, రద్దీలో పక్కవాళ్ల కళ్లకు తగులుతుంది. అమ్మకి, అత్తయ్యగారికి ఆ ఒక్క రోజుకి చుడీదారో ప్యాంటో వేయించండి. రేవులో జాగా లేకపోతే ఓడను నీళ్లలోనే నిలబెట్టి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. పడవకీ మెట్టుకీ మధ్య జానెడు సందు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. సిబ్బంది మోచేయి పట్టుకుని "ఇప్పుడు" అన్నప్పుడే కాలు వేయాలి. చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడేది సరిగ్గా అక్కడే. హవాయి చెప్పులు అసలు వద్దు.

ఆ రోజు పొద్దున అయిదింటికే లేవండి. జూన్‌లో అప్పటికే తెల్లారిపోయి ఉంటుంది. సముద్రం నుంచి ఫ్లోమ్‌కి లోపలికి రావడానికే ఓడకు నాలుగైదు గంటలు పడుతుంది. ఆఖరి గంటలో అవుర్లాండ్ ఫియోర్డ్ గోడలు రెండు పక్కలా దగ్గరకొస్తాయి. డబ్బులిచ్చి చూసే టూర్లలో దీనికి సాటి వచ్చేవి తక్కువ, ఇది టికెట్‌లోనే ఉంది. నిద్రపోయి దీన్ని పోగొట్టుకునేవాళ్లను తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక పెద్ద పని. ఎక్కువమంది ఎంచుకునేది ఫ్లోమ్ రైలు. రేవు నుంచి స్టేషన్‌కి నడక అయిదు నిమిషాలే. నీటిమట్టం పక్కనుంచి మీర్దాల్ స్టేషన్ దాకా 20 కిలోమీటర్లలో 866 మీటర్లు ఎక్కుతుంది. ఎక్కువ భాగం వాలు పద్దెనిమిదికి ఒకటి, అంటే పద్దెనిమిది మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి. పళ్ల చక్రాల సాయం లేకుండా, మామూలు పట్టాల మీదే. అందుకే ఒక్కోటీ విడిగా రైలును ఆపగలిగే అయిదు బ్రేకు వ్యవస్థలు పెట్టారు. సొరంగాలు 20, వాటిలో 18 చేత్తో తొలిచినవే. ఒక్కో మీటరుకి ఒక నెల పట్టిందని అక్కడి లెక్క. 1920ల్లో మొదలైన పని 1940లో రైలు నడిచేదాకా వచ్చింది, కరెంటు ఇంజిన్లు 1944లో. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెట్టిన పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. ఇక్కడ కొండ లోపలే రైలు వెనక్కి తిరిగే చోట, అంతకుముందు కింద ఉన్న దారి కాసేపటికి కిటికీలోంచి మళ్లీ కనిపిస్తుంది.

దారిలో ష్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర రైలు సుమారు అయిదు నిమిషాలు ఆగుతుంది. ఈ అయిదు నిమిషాల్నే చాలామంది చేతులారా పాడుచేసుకుంటారు. తలుపు తెరవగానే ఫోన్లు పైకెత్తి అందరూ కంచె ముందు గుమిగూడతారు. చెక్క ప్లాట్‌ఫాం తుంపరకి తడిసి జారుతూ ఉంటుంది, లెన్స్ మీద క్షణంలో నీటి బొట్లు పేరుకుంటాయి. ఫోన్ జేబులోనే ఉంచి, పొడి గుడ్డ చేతిలో పట్టుకుని దిగండి. తలుపు దగ్గరే నిలబడక ప్లాట్‌ఫాం ఏదో ఒక చివరకి నడిస్తే జలపాతం తలల అడ్డు లేకుండా కనిపిస్తుంది. ముందు కళ్లతో చూసి, తర్వాత తుడుచుకుని రెండు ఫొటోలు చాలు. వేసవి రద్దీ రోజుల్లో పాట వినిపించి, రాళ్ల మీద ఎర్ర బట్టల్లో ఒక అమ్మాయి నాట్యం చేస్తూ కనిపిస్తుంది. అది వాళ్ల జానపద కథల్లో మనుషుల్ని మాయచేసి అడవిలోకి పిలిచే హుల్ద్రా. నీళ్ల ఉధృతి మంచు కరిగే మే, జూన్‌లలోనే ఎక్కువ.

రానూపోనూ రెండు గంటలు. టికెట్టు ఇంటి దగ్గరే ఆన్‌లైన్లో తీసుకోవాలి. రేవులో దిగాక చూద్దాంలే అంటే, ఓడ ఉన్న రోజున సీట్లు ఉండవు. ఓడ ఎనిమిదికి కట్టినా, అధికారులు సరే అని మెట్లు దించి, ముందున్న వరుస కదిలేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది. కాబట్టి మొదటి రైలు ఆశ పెట్టుకోకుండా కనీసం గంటన్నర వదిలి తీసుకోండి. నడవగలిగినవాళ్లు తిరుగు ప్రయాణంలో సగం దారిలోని బేరెక్వామ్‌లో దిగి, వాగు వెంబడి సుమారు పది కిలోమీటర్లు నడుచుకుంటూ ఊళ్లోకి రావచ్చు. దారంతా దిగుడే.

పైకి కిందికి రైలు వద్దనుకుంటే నేరోయ్ ఫియోర్డ్. నా ఓటు దీనికే. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. సన్నగా ఉన్న చోట వెడల్పు 250 మీటర్లు, అంటే మన ప్రకాశం బ్యారేజీ పొడవులో అయిదో వంతు. ఇరుపక్కలా వెయ్యి మీటర్లు దాటిన కొండలు. ఫ్లోమ్ నుంచి ఈ ఫియోర్డ్ చివరనున్న గుద్వాంగెన్ ఊరికి బ్యాటరీ పడవలో రెండు గంటలు, చప్పుడు ఉండదు కాబట్టి జలపాతాల సవ్వడి వినపడుతుంది. తిరిగి రావడానికి బస్సు ఇరవై నిమిషాలు, దారిలో ఎక్కువ భాగం సొరంగాలే. బస్సు టికెట్టు కూడా పడవతో కలిపి ముందే తీసుకోండి.

చిన్న పనికి స్తేగాస్టైన్ సరిపోతుంది. ఫియోర్డ్‌కి 650 మీటర్ల ఎత్తున కొండ అంచు నుంచి 30 మీటర్లు గాల్లోకి చాచిన చెక్క వంతెన, చివర అద్దం. బస్సులో రానూపోనూ గంటన్నర. రోడ్డు సన్నం, ఒంపులెక్కువ. దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు మీదే కడుపులో తిప్పే పిల్లలకు ఎక్కే ముందు మాత్ర వేయండి. మబ్బు కిందికి దిగి ఉంటే పైన తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. అలాంటప్పుడు బ్రెక్కెఫోసెన్ జలపాతానికి నడవడం మేలు. నేపాలీ షేర్పాలు పేర్చిన రాతి మెట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం స్టేషన్ పక్కనే ఉన్న రైల్వే మ్యూజియంలో కూర్చోవచ్చు.

తిండి దగ్గర. ఓడలో బ్రేక్‌ఫాస్ట్ గట్టిగా చేసి దిగండి. జంతికలు, వేరుశనగ చిక్కీ లాంటివి సీలు విప్పని ప్యాకెట్లలో ఉంటే చాలు. నెయ్యి సీసా, పాలకోవా ఇంటి నుంచి పెట్టుకోవద్దు. యూరప్ బయటి నుంచి పాలతో, మాంసంతో చేసినవి నార్వేలోకి తేకూడదన్నది నియమం. అక్కడ రుచి చూడాల్సింది బ్రూనోస్ట్, గోధుమరంగు చీజ్. చీజ్ తీయగా మిగిలిన తేటను గంటల తరబడి మరిగిస్తే అందులోని చక్కెర కాగి రంగు మారుతుంది. మనం కోవాకి పాలు దగ్గర పడేసినట్టే. నాలుక మీద కొంచెం తీపి, కొంచెం ఉప్పు, చివర్లో మేక పాల వాసన. పాలు విరగ్గొట్టే రెన్నెట్ దూడ కడుపులోంచి తీసింది కావచ్చు, శాకాహారం కచ్చితంగా పాటించేవాళ్లు అడిగి తినండి. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు, ఖాళీ సీసా తీసుకెళ్లండి. చెల్లింపులన్నీ కార్డుతోనే, నోట్లు మార్చుకోనక్కర్లేదు.

ఫోను విషయంలో ఒక జాగ్రత్త. ఇంటర్నేషనల్ ప్యాక్ నార్వే నేల మీద పనిచేస్తుంది. ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ అందులోకి రాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసి ఓడెక్కితే అదే తగులుకుని బిల్లు వాచిపోతుంది. గడియారం కూడా చూసుకోండి. నార్వే టైమ్ బ్రిటన్ కంటే గంట ముందుంటుంది, ఓడ టైమ్ ఏదో దిగే మెట్ల దగ్గర బోర్డు మీద రాస్తారు, దాన్నే నమ్మండి. సొంతంగా వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడవాళ్ల టూరైతే ఆగుతుంది. రైలెక్కి పైకి వెళ్లేవాళ్లు అసలు పాస్‌పోర్ట్ లోపలి జేబులో జిప్ వేసి ఉంచుకోండి. ఓడ తప్పితే మీర్దాల్ మీదుగా బెర్గెన్ నగరానికి రైలుంది, కానీ పాస్‌పోర్ట్ క్యాబిన్ లాకర్లో ఉంటే ఓడను అందుకోవడం చిక్కవుతుంది. ఎక్కాల్సిన టైమ్‌కి గంట ముందే రేవులో ఉండండి. ఆఖరి అరగంటలో ఆ వరుస స్టేషన్ దాకా సాగుతుంది.

ఎక్కాక గదిలోకి పోకుండా నేరుగా పై డెక్‌కి వెళ్లండి. ఓడ బయల్దేరాక కుడి వైపు, అవుర్లాండ్ ఊరు దాటగానే కొండ మీదికి చూస్తే స్తేగాస్టైన్ అగ్గిపుల్లంత కనపడుతుంది. తర్వాత ఎడమ వైపుకి మారండి. మేకపాల చీజ్‌కి పేరుపొందిన ఉండ్రెదాల్ పల్లె ముందొస్తుంది, ఇంకాస్త దూరం పోతే అదే వైపు కొండలు రెండుగా విడిపోయి నేరోయ్ ఫియోర్డ్ నోరు తెరుచుకుంటుంది. ఆ మలుపు దాటేదాకా స్వెట్టర్ విప్పకండి.