తెలుపు మీద పెండ్లికొడుకు

కనుమ నాడు దిగువ అహోబిలంలో నరసింహస్వామి పల్లకీ లేచిందంటే ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఒకటే మాట: "మన ఊరికి ఏ పొద్దు?" బాచేపల్లితో మొదలుపెట్టి 30కి పైగా ఊళ్లు, 40 రోజులకు పైగా తిరుగుడు. అది ముగిశాకే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవం, కల్యాణం. ఈ తిరుగుడు పేరు పారువేట, అంటే స్వామి వేటకు పోయే ఉత్సవం. కనుమ పారువేట చాలా గుళ్లలో ఉంది. పొద్దున ఊరి బయటికి పోయి, వేట తంతు ముగించి, చీకటి పడేలోపు స్వామి తిరిగొచ్చేస్తాడు. మరి అహోబిలేశునికి ఇన్నాళ్ల వేట ఎందుకయ్యా అంటే పెద్దలు చెప్పేది ఒకటే, తన పెండ్లికి తానే పిలవను బయలుదేరాడని.

మన ఇండ్లలో శుభలేఖలు రాగానే మూలలకు పసుపు రాసి మొదటిది ఇలవేల్పు ముందు పెడతాం. ఆయన రాడని తెలిసినా పిలుస్తాం, అది మర్యాద. ఇక్కడ ఆ మర్యాద తిరగబడింది. లోకానికి పెండ్లికొడుకైన వాడు పల్లకీ ఎక్కి, దుమ్ము కొట్టుకుంటూ, కంది కట్టెలు కుప్పేసిన సందుల్లోకి వచ్చి పిలుస్తాడు. పల్లకీని దించే అరుగుకు అక్కడి పేరు తెలుపు. ఆ పేరులో నాకు సున్నం రంగు కనబడదు, తెలపడం వినబడుతుంది. ఫలానా నెలలో నా పెండ్లి, మీరంతా రావాలి అని స్వామి కూర్చుని తెలిపే చోటు అది. ఊరి పెద్ద రచ్చబండ మీద కూర్చుంటే చుట్టూ ఎట్లా చేరతారో అట్లా చేరాలి దాని చుట్టూ.

తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండను గురించి పది పాశురాలు పాడాడు. అందులో ఒక మాట ఉంది, దేవతలకు తప్ప ఎవరికీ పోశక్యం కాని సింగవేళ్‌కుండ్రం అని. అహోబిలానికి ఆయన తమిళంలో వాడిన పేరు అది. రోడ్డు పడ్డాక దిగువ నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు బస్సులో పోతున్నాం, ఆ మాట బరువు మనకు తెలియడం లేదు. కానీ ఎగువ నుంచి జ్వాలా నరసింహుని దగ్గరికి భవనాశిని వాగు వెంబడి రాళ్లెక్కిన వాళ్లనడగండి, మోకాళ్లే చెప్తాయి. ఆ రాళ్లెక్కలేని ముసలమ్మ సంగతేమి? బాలింత సంగతేమి? కోత మీదున్న కూలీ సంగతేమి? ఆళ్వారు పోలేమన్నాడు కదా, అందుకని స్వామే దిగొచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో తానే ఈ కొండకొచ్చి హారమూ, కడియమూ, బంగారు పళ్లెమూ, వేయి వరహాలూ సమర్పించుకున్నాడు. చక్రవర్తికి దక్కింది కొండెక్కడమే. ఇంటి ముందు పిలుపు అందుకునే భాగ్యం బాచేపల్లి రైతుది.

పల్లకీలో ఉండేది ఎవరో కూడా చూడండి. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఇద్దరూ ఒకే పల్లకీలో. "ఉగ్రం వీరం మహావిష్ణుం జ్వలంతం సర్వతోముఖం, నృసింహం భీషణం భద్రం మృత్యోర్మృత్యుం నమామ్యహమ్" అని 32 అక్షరాలు రోజూ చదువుతాం. భీషణం అన్న వెంటనే భద్రం, మధ్యలో ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. పేగులు చీల్చిన చేయీ, పసివాడి తల నిమిరిన చేయీ వేరు కావని మంత్రం రెండు మాటల్లో చెప్పింది, పల్లకీ రెండు మూర్తుల్లో చూపిస్తుంది. చదివేవాళ్లు దయచేసి భీషణం దగ్గర గొంతు పెంచి, భద్రాన్ని మింగేయకండి. మైకులో చదివే చోటల్లా జరిగే తప్పు ఇది.

ఇంక చెంచులు. చెంచులక్ష్మిని చేపట్టాడు కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడు. పారువేట మొదట్లో వాళ్లు పల్లకీ వైపు బాణం వేస్తారు. కొత్తగా చూసినవాళ్లు ఉలిక్కిపడతారు గానీ, అడవి దాటి పోతున్న అల్లునికి మామగారింటి కాపు అది. మగపెండ్లివారి బయలుదేరు ఆడపెండ్లివారి విల్లుతో మొదలవుతోంది, అంతకంటే ఏం కావాలి!

ఇంత ప్రేమతో వస్తే మనం ఎట్లా ఎదురుపోతున్నాం? అహోబిలం కొండల్లోని నవనరసింహులను జీపు కట్టించుకుని ఒక్క పగట్లో "కొట్టేశాం" అని తొమ్మిదీ లెక్క చెప్పేవాళ్లు, పల్లకీ తమ వీధిలోకొస్తే మేడ మీద నుంచి సెల్‌ఫోన్ చాపుతారు. దిగి రండి. పిలవను వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి వీడియో తీస్తామా?

చేయాల్సిన పనులు పెద్దవేం కావు, ముందు రోజే మొదలుపెడితే చాలు. తెలుపు మీద ఏడాదంతా మిరపకాయలు ఎండబోస్తారు, పేకాట ఆడతారు. దాన్ని ఉత్త నీళ్లతో కడిగితే మిరప ఘాటు పోదు. పేడనీళ్లతో రుద్ది, ఆరాక సున్నం కొట్టండి. పల్లకీ వచ్చే పొద్దున సున్నం కొడితే ఆరక పల్లకీ కొయ్యకూ, అర్చకుల బట్టలకూ అంటుతుంది. దారిలో కంకర ఊడ్చేయండి, బోయీలవి వట్టి కాళ్లు. కళ్లాపి చల్లండి గానీ, సిమెంటు రోడ్డు మీద రంగుపొడి ముగ్గు దట్టంగా పోసి దాని మీద నీళ్లు కుమ్మరించకండి, కాలు జారుతుంది. భుజం మీద పల్లకీ దండె ఉన్నవాడు జారితే ఒక్కడితో పోదు. బియ్యప్పిండి ముగ్గు పలుచగా, దారికి రెండు పక్కలా వేస్తే చాలు. వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ తీగలను కర్రతో ఎత్తిపట్టడానికి ఇద్దరు కుర్రాళ్లను పెట్టండి, గొడుగు చిక్కుకునేది అక్కడే. డీజే పెట్టె పల్లకీకి దగ్గరగా వద్దు. బోయీల అడుగు ముందున్నవాని కేకను బట్టి పడుతుంది, అది వినబడకపోతే నడక చెదిరి పల్లకీ ఊగుతుంది.

పానకానికి 10 లీటర్ల నీళ్లకు 2 కిలోల బెల్లం, 25 గ్రాముల మిరియాలు, 15 గ్రాముల శొంఠి, 10 గ్రాముల యాలకులు. బెల్లాన్ని కాచకండి, కాస్తే పాకం వాసన వస్తుంది. చన్నీళ్లలోనే నలిపి, తేరనిచ్చి, బట్టలో వడకట్టండి, అడుగున ఇసుక ఎంతుంటుందో మీకే తెలుస్తుంది. కళాయి లేని ఇత్తడి బిందెలో పోస్తే చిలుము రుచి దిగుతుంది, స్టీలు మేలు. పల్లకీ చెప్పిన వేళకు రాదు. ప్రతి గడపా ఆపుతుంది, పొద్దున అనుకున్నది రాత్రికి చేరినా ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున కలిపిన పానకం అప్పటికి పులిసిపోతుంది. అందుకని బెల్లం దంచి, పొడులు విడిగా కట్టి పెట్టుకుని, పక్కూర్లో పల్లకీ లేచిందని ఫోను రాగానే కలపండి. సెల్‌ఫోన్‌కు తగిన పని ఇదీ! వడపప్పు గంటా గంటన్నర నానితే చాలు. అంతకంటే నానితే జిగురు పట్టి వాసనేస్తుంది. కొబ్బరి కోరు పంచేటప్పుడే కలపాలి. హారతి పళ్లెం పట్టుకుని దండె కింద నుంచి తోసుకురాకుండా అర్చకుని చేతికివ్వండి. పూలూ పట్టుబట్టలూ కర్పూరానికి ఎంత దూరంలో ఉంటాయో ఒకసారి కళ్లతో కొలుచుకోండి.

పెండ్లికి పిలిచినవాళ్లను మనం వట్టి చేతులతో పంపం. టెంకాయ, తులసి, ఒక పంచె, ఉన్నదేదో పెడతాం. అన్నిటికంటే ముఖ్యం ఫాల్గుణంలో పోవడం. చాలామంది ఇక్కడే తప్పిపోతారు. మన ఊరికొచ్చాడుగా, దర్శనమైపోయిందిగా అని ఊరుకుంటారు. పిలుపు అందుకుని పెండ్లికి పోకపోతే మేనమామైనా ముఖం మాడ్చుకుంటాడు. కొండెక్కలేనివాళ్లు దిగువన ప్రహ్లాదవరదుని కల్యాణానికి పోయి, రెండు అక్షింతలు వేసి రండి.

పల్లకీ పొలిమేర దాటాక తెలుపు మీది పూలు తీసి చెట్టు మొదట్లో వేయండి. మిరపకాయలు మర్నాడు ఆరబోసుకోవచ్చు, ఈ రాత్రికి దాని మీద ఒక దీపం ఉండనీయండి.