సాత్ గుంబద్‌లో నాయినతో ఒక పొద్దు

మా నాయిన నలభై ఏళ్లు మేస్త్రీ పని చేశాడు. ఎక్కడికి పోయినా మనుషుల కంటే ముందు గోడలను పలకరిస్తాడు. అందుకే ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు సాత్ గుంబద్, అంటే గోల్కొండ కోట దగ్గరి కుతుబ్ షాహీ సుల్తానుల సమాధులు, చూపిద్దామనుకున్నాను. మెహదీపట్నంలో ఆటో ఎక్కి, ఎండ ముదరకముందే చేరుకున్నాం.

106 ఎకరాల తోటలో సమాధులు, మసీదులు, బావులు. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల్లో ఏడుగురు సుల్తానులు ఇక్కడే ఉన్నారు. చివరివాడు తానీషా మాత్రం లేడు. ఔరంగజేబు పట్టుకుపోయి దౌలతాబాద్ కోటలో బంధిస్తే అక్కడే పోయాడు. "రామదాసు కతల తానీషానేనా?" అని అడిగి నాయిన చాలాసేపు మాట్లాడలేదు.

ఒక గుంబద్ నీడలో ఆగి గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"సిమెంటు గాదు బిడ్డా, డంగు సున్నం. ఎంత నున్నగ రుద్దిండ్రో సూడు."

సున్నం, ఇసుక గానుగలో వేసి ఎద్దులతో తిప్పించడం, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం ఆయన చిన్నప్పుడు తాత దగ్గర చూశాడట. వెనకటి మరమ్మతుల్లో ఇక్కడ సిమెంటు పూశారు. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, లోపల రాయీ సున్నమూ పాడవుతాయి. అదంతా తీసేసి మళ్లీ సున్నమే పూశారని చెబితే నాయిన మొహం వెలిగిపోయింది.

తోటలోనే ఉన్న పెద్ద మెట్లబావి, బడీ బావి దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చున్నాం. 2013 వానలకు దీని పడమటి గోడ కూలిపోయింది. దాన్ని రాయి రాయి పేర్చి మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. మెట్లు దిగి నీళ్లకు దగ్గరగా నిలబడితే పైన నగరం ఉందన్న సంగతే మరిచిపోయాం.

ఈ స్థలం రాష్ట్ర పురావస్తు శాఖది. 2013లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆగాఖాన్ ట్రస్టు ఈ మరమ్మతుల పని మొదలుపెట్టింది. టాటా ట్రస్టులు డబ్బిచ్చాయి. ఆస్థాన నర్తకులు తారామతి, ప్రేమామతి సమాధులకు అమెరికా రాయబారుల నిధి సాయం చేసింది. 2024 జులైలో పని ముగిసింది. అందరికీ దండం పెట్టాల్సిందే. కానీ దాత ఒకసారి వస్తాడు, వాన ప్రతి ఏడూ వస్తుంది. పగుళ్లు పూడ్చే మేస్త్రీకి, మొలకలు పీకే కూలీకి, కావలి మనిషికి ఏటేటా జీతం కావాలి. అది రాష్ట్ర బడ్జెట్‌లోంచే రావాలి. 2017 నుంచి తెలంగాణకు పాత కట్టడాలను కాపాడే సొంత వారసత్వ చట్టం కూడా ఉంది. దానికి తగ్గ పైసలు చిన్న ఊళ్ల దాకా చేరాలని నా మనసు కొట్టుకుంటుంది. పేరున్న చోటికి దాతలు దొరుకుతారు, మా దగ్గరి పాత గుడికి ఎవరొస్తారు?

నాయిన మనసులోనూ అదే ఉంది. తిరిగొస్తుంటే ఆ గుడి గోపురం మీది రావి మొక్క సంగతి ఎత్తాడు. పోయినేడు జానెడుంది, ఇప్పుడు నా భుజం దాకా పెరిగింది.

"యేరు రాళ్ల నడిమికి పోతే తియ్యరాదు. వానలు పడకముందే తియ్యాలె."

ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ గుడి ఫొటోలు వెతికి పెట్టాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీ పట్టుకుని ఇద్దరం పోతున్నాం. సున్నం పాళ్లు నాయిన విడిగా ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు.