కువైట్ కారు డబ్బాకు కడప అతుకు

మా బాబా దగ్గర 1982 నాటి మెర్సిడెస్ ఉంది, డబ్ల్యూ123 మోడల్, వాళ్ళ నాన్న కొన్నది. (కువైట్‌లో ఇంటి డ్రైవర్లం యజమానిని బాబా అనే పిలుస్తాం.) కొత్త బండ్లు మూడున్నా శుక్రవారం ఆయన ఎక్కేది దాన్నే, తోలేది నేను. పోయిన మేలో దాని వైపర్ నీళ్ళ డబ్బా పగిలింది. నలభై ఏళ్ళు ఇంజన్ వేడికి ఉడికిన ప్లాస్టిక్, అప్పడం మాదిరి అయిపోయింది. నీళ్ళు కొట్టే మోటారు దిగే బొక్క పక్కన వేలెడు బీట.

నీళ్ళు లేకుంటే ఏమైతుందిలే అనుకోవద్దు. అక్కడ తూజ్ అంటారు, దుమ్ము తుఫాను. అది లేచినప్పుడు పొడి వైపర్ తిప్పితే అద్దాన్ని ఇసుక కాగితంతో రుద్దినట్టే. కువైట్‌లోనే షువేఖ్ అనే చోట పాత బండి సామాన్ల అంగళ్ళు రెండు శుక్రవారాలు తిరిగినా, ఒక్కచోట దొరికింది మనదానికంటే ముందే పగిలేటట్టుంది. సూపర్ గ్లూ పెట్టా, ఎపాక్సీ కలిపి పెట్టా. ఎండినాక గోరుతో గీరితే పాము కుబుసంలా మొత్తంగా ఊడొచ్చింది.

జూన్‌లో సెలవు దొరికితే డబ్బాను బట్టల్లో చుట్టి తెచ్చా. చెన్నైలో దిగి బస్సెక్కి కడప చేరేసరికి తెల్లారింది. పెట్టె తెరిచి చూసి మా అమ్మ, "ఏంరా, బంగారం తెస్తావనుకుంటే పగిలిన డబ్బా తెస్తివా?" అనింది. అని ఊరుకోలేదు, వీధిలో ప్లాస్టిక్ బిందెలకు అతుకులేసే తాత సైకిల్ బెల్లు వినపడగానే కేకేసి పిలిచింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఆయన్ను, మా ఇంటి నీలం బిందెకు మూడు అతుకులు ఆయనవే, అయినా కువైట్‌లో ఒక్కసారీ గుర్తు రాలేదు చూడండి.

తాత డబ్బాను గోరుతో తట్టి, అంచు నుంచి ఇంత గీకి నిప్పుకు చూపి వాసన చూశాడు. కొవ్వొత్తి వాసన. "బిందె జాతే. బంకేసినావా? బంక దీన్ని పట్టదు నాయనా, దీనికి దీన్నే తినిపియ్యల్ల."

ముందు పాత జిగురంతా గీకించాడు. బీట రెండు కొసల్లో సన్నటి రంధ్రాలు పెట్టాడు, లేకుంటే వేడికి ఇంకా పాకుతుందట. బీట పొడవునా కత్తితో చిన్న కాలవ తీసి, తెల్ల నూనె క్యాను నుంచి పుల్లంత ముక్క కోశాడు. కొలిమిలో కాల్చిన ఇనుప కడ్డీతో డబ్బా, ముక్క రెండూ నిగనిగలాడే దాకా కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేయడమే. పైన ముద్దలా పూస్తే నిలవదు. అంగుళం తాను వేసి కడ్డీ నా చేతికిచ్చాడు. నేను ఆత్రంగా ఎక్కువసేపు ఆనించి కొత్తగా ఇంకో బొక్క చేశా, ఆయన నవ్వి దాన్నీ పూడ్చాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

రాత్రంతా నీళ్ళు నింపి పేపర్ మీద పెట్టా. పొద్దున ఒక మూల రూపాయి బిళ్ళంత తడి. మా తమ్ముడి సోల్డరింగ్ ఐరన్‌తో నేనే ఇంకో పూత వేశా, ఈసారి పేపర్ పొడిగా ఉంది.

వెనక్కి పోయి డబ్బా బిగించి, మోటారు కింద రబ్బరు కొత్తది వేసి బటన్ నొక్కితే చుక్క రాలేదు. గుండె ఝల్లుమంది. డబ్బా బాగానే ఉంది, పిచికారీ మూతుల్లో దుమ్ము గట్టిపడింది. గుండుసూదితో పొడిచి మళ్ళీ నొక్కితే నీళ్ళు అద్దాన్ని వదిలేసి కప్పు దాటి వెనక నిలబడిన బాబా మీద పడ్డాయి. అదే సూదితో మూతులు కిందికి వంచా.