పాదాలు వెచ్చబడేదాకా

అనంతపురం జిల్లాలోని మా ఊరిలో, పెరటి గోడ కోసం పాత రాళ్లను పక్కకు తీస్తుండగా ఒక సాయంత్రం నా చూపుడువేలిని ఎర్ర తేలు కుట్టింది. చురుక్కుమన్న నొప్పి పావుగంటలోనే చాలావరకు తగ్గిపోవడంతో, గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకున్నాము. నొప్పితో కేకలు పెట్టేవారిలో చాలామందికి ప్రాణభయం ఉండదని, నొప్పి అంతగా లేకుండా ఒళ్లంతా చెమటలు పట్టేవారి విషయంలోనే జాగ్రత్తపడాలని నాకు తరువాత తెలిసింది.

అరగంట తిరిగేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేటంతగా చెమట పట్టింది. రెండుసార్లు వాంతి అయింది, నోటినిండా లాలాజలం ఊరింది, గుండె దడదడలాడింది. ఊళ్లో ఉన్న వైద్యుడు అలర్జీకి, నొప్పికి చెరొక ఇంజెక్షన్ ఇచ్చి పడుకోమన్నాడు. ఆ రెండింటికీ నా ఒంట్లో జరుగుతున్నదానితో సంబంధం లేదు, ఒక గంట మాత్రం వృథా అయింది. మా అమ్మ నా కాళ్లు పట్టుకొని చూసి, "మంచుగడ్డల్లా ఉన్నాయి, ఇక ఇక్కడ వద్దు" అని ఆటో పిలిపించింది.

పట్టణంలోని ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరుగారు కుట్టిన వేలిని చూడకుండా నేరుగా నా పాదాలను తాకారు. రక్తపోటు 170/110 ఉంది. ఆయన ఇచ్చినది ప్రజోసిన్ అనే చిన్న మాత్ర. తేలు కుట్టిందని వస్తే బీపీ బిళ్ల ఇస్తారేమిటని మా బావ కొంచెం గట్టిగానే అడిగాడు.

ఆయన విసుగుపడకుండా వివరించారు. ఎర్ర తేలు విషం నరాల చివరలను రెచ్చగొట్టడంతో అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా రక్తంలోకి ముంచెత్తుతాయి. రక్తనాళాల గోడల్లోని కండరాలపై ఆ రసాయనాలను అందుకునే ఆల్ఫా గ్రాహకాలు ఉంటాయి. ఆ రసాయనాలు వాటిని పట్టుకోగానే నాళాలు బిగుసుకుపోతాయి, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, ఇరుకైన ఆ నాళాల్లోకి రక్తాన్ని నెట్టలేక గుండె అలసిపోయి చివరకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ప్రజోసిన్ ఆ గ్రాహకాలకు ముందే అడ్డుపడి నాళాలను వదులు చేస్తుంది కాబట్టి, విషాన్ని నేరుగా తాకకపోయినా గుండెపై భారాన్ని దించుతుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేస్తూ ఈ చికిత్సను ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ పేరు నేను మొదట విన్నది ఆ రాత్రే. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

మోతాదు శరీర బరువులో కిలోకు 30 మైక్రోగ్రాముల చొప్పున లెక్కగట్టారు. మూడు గంటల తరువాత మరొకటి, ఆపైన ఆరు గంటలకొకటి, కాళ్లూ చేతులూ వెచ్చబడేదాకా. మంచం దిగవద్దని నర్సు ముందే హెచ్చరించినా, మగవాడినన్న పంతంతో మూత్రానికి లేచి నిలబడ్డాను; కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. మొదటి మోతాదు తరువాత నిలబడితే రక్తపోటు అమాంతం పడిపోవడం ఈ మందులకున్న పేరుమోసిన గుణమట.

తెల్లవారుజామున మా అమ్మ కంగారుగా నర్సు దగ్గరికి వెళ్లి, "పిల్లవాడి కాళ్లు కాలుతున్నాయమ్మా, జ్వరమేమో చూడు" అన్నది. నర్సు వచ్చి తడిమి, అరచేతి వెనుక నరాలు తేలడం చూసి, జ్వరం కాదని, మందు పనిచేసిందని నవ్వింది. మూడో రోజు గుండెకు ఎకో స్కాన్ తీసి ఇంటికి పంపారు. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం రావడం మాత్రం మరో రెండు వారాలకు గాని తగ్గలేదు.

మా నాన్నగారు ప్రోస్టేట్ వాపుకు రాత్రిపూట వేసుకునే టామ్సులోసిన్ కూడా ప్రజోసిన్‌లాగే ఆల్ఫా గ్రాహకాలకు అడ్డుపడే మందుల కుటుంబానిదేనని, అది ముఖ్యంగా మూత్రాశయ ద్వారం వద్ద, ప్రోస్టేట్‌లోని కండరాలను వదులు చేస్తుందని డిశ్చార్జి రోజున తెలిసింది. శుక్లాల ఆపరేషన్ చేసే కంటి డాక్టరుకు ఆ మందు సంగతి ముందుగా చెప్పకపోతే, కనుపాప చుట్టూ ఉండే పొర ఆపరేషన్ మధ్యలో పట్టు తప్పి ఇబ్బంది పెడుతుందట. నాన్నగారికి వచ్చే నెలలో ఆ ఆపరేషన్ ఉంది. ఆ బిళ్లల అట్టను కంటి ఆసుపత్రి ఫైలులో నేనే పిన్నుతో గుచ్చిపెట్టాను.