వాలెన్‌స్టాట్ సరస్సు: ఎడమచేతికి పదకొండు వారాలు

హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ పియానోకు రాసిన ‘వాలెన్‌స్టాట్ సరస్సు తీరాన’ పదకొండో వారానికి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వస్తోంది. బాగా వస్తోందని అనను. ఆగడం లేదు, అంతే.

స్విట్జర్లాండ్ ప్రయాణం మీద ఆయన కూర్చిన సంపుటంలో (1855లో అచ్చయింది) ఇది రెండో రచన. అందులోనే ‘తుపాను’ కూడా ఉంది. ఆ పేజీల నలుపు చూసి జడిసి దీని దగ్గర ఆగాను. ఇక్కడ కాగితం తెల్లగా, నోట్లు పలచగా కనిపించాయి. ఏ ఫ్లాట్ మేజర్ శ్రుతి, మెల్లని నడక, కుడిచేతికి కొండజాతి పాటలాంటి చిన్న వరస. నెలరోజుల పని అనుకున్నాను.

ఎడమచేయి ఆ ధీమా తీర్చేసింది. రచన పొడవునా దానికి ఒకటే అల్లిక. స్వరాలు మారతాయి కానీ నడక మారదు. చిక్కు ఎక్కడంటే, ఒక్క కొలతలోనే (మూడు దెబ్బల ఆవర్తం అనుకోండి) కొంత తిశ్రం, కొంత చతురశ్రం, అంటే మూడు స్వరాల గుంపు, తర్వాత నాలుగు స్వరాల గుంపు ఉన్నాయి. వేగంగా ‘తకిట’ అని, వెంటనే కాస్త నింపాదిగా ‘తకధిమి’లోకి దిగాలి. ఆ అతుకు దగ్గర నా బొటనవేలు ప్రతిసారీ ధబ్బున పడేది. నోటితో అనుకుంటూ వాయిస్తే కుదురుతుందని చూశాను. అన్ని అక్షరాలనూ ఒకే వేగంతో పలికితే ఏడక్షరాల మిశ్రచాపు తాళం అయి కూర్చుంది! చివరికి పనిచేసిన పద్ధతి ఇది: టిక్కుటిక్కుమని లయ చెప్పే మెట్రోనోమ్‌ను మూడు దెబ్బలకూ కాకుండా కొలతకు ఒక్క దెబ్బకు పెట్టాను. మధ్యలో దెబ్బ లేకపోయేసరికి చేయి దానంతటదే దొర్లడం నేర్చుకుంది. రోజూ ఇరవై నిమిషాలు, ఎడమచేయి ఒక్కటే, మూడు వారాలు. బొటనవేలిని ఎత్తి కొట్టకుండా పియానో మెట్టుకు ఆనించే ఉంచి, మణికట్టును పక్కకు కదిలించాలి.

ఆ మూడు వారాల్లో అమ్మ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసింది. “ఏరా, ఇంకా అక్కడే తిరుగుతున్నావా?” అంది.

ఇంకో పొరపాటు పూర్తిగా నా స్వయంకృతం. ఆ సరస్సు ఫొటో ఒకటి అచ్చు తీసి పియానో ఎదురుగా అంటించుకున్నాను. నీటిమట్టం సముద్రం నుంచి సుమారు 419 మీటర్ల ఎత్తున ఉంటే, ఉత్తరపు ఒడ్డు మీదుగా షుర్‌ఫిర్‌స్టెన్ శిఖరాలు 2,300 మీటర్ల దాకా నిటారుగా లేస్తాయి. ఆ కొండల కింద క్వింటెన్ అనే ఊరికి ఇప్పటికీ పడవలోనో నడిచో వెళ్లాల్సిందే. ఆ బొమ్మ చూస్తూ వాయిస్తుంటే చేతులకు కొండలే తగిలాయి. మంద్రస్వరాలు బరువెక్కాయి, స్వరాలను సాగదీసే పెడల్ మీద కాలు లేవలేదు. ఫోనులో రికార్డు చేసి వింటే సరస్సు లేదు, బురద ఉంది.

లిస్ట్ 1835లో తన ప్రేయసి మరీ దాగూతో కలిసి ఆ దారిన వెళ్లాడు. అలల నిట్టూర్పునూ తెడ్ల లయనూ అనుకరిస్తూ అక్కడ తనకోసం ఒక దిగులు సంగీతం రాశాడనీ, కన్నీళ్లు రాకుండా దాన్ని ఎన్నడూ వినలేకపోయాననీ ఆమె తన జ్ఞాపకాల్లో చెప్పుకుంది. అలలు, తెడ్లు. కొండల ఊసే లేదు! ఫొటో తీసేశాను.

రచన తలమీద ఇంగ్లీషు కవి బైరన్ పద్యపాదాలు ఉంటాయి, ఆ నిశ్చలత తనను లోకపు కల్లోలం విడిచిపెట్టమంటోందని. నిజానికి బైరన్ అవి చెప్పింది జెనీవా సరస్సును చూసి. లిస్ట్ ఆ సరస్సు పేరున్న ముక్కను వదిలేసి మిగతాది ఇక్కడ తగిలించాడు. ఈ చిన్న దొంగతనం నాకు భలే నచ్చింది.

పెడల్‌కు ఇప్పుడు నా లెక్క: సగం దాకానే నొక్కడం, హార్మనీ (కలిసి మోగే స్వరాల గుంపు) మారిన చోటల్లా మార్చడం, పాట మెట్టుమెట్టుగా నడిచే చోట ఇంకా ముందే వదిలేయడం. నాది డిజిటల్ పియానో. శబ్దం తగ్గించుకుని సాధన చేస్తే మెత్తగా వాయిస్తున్నామన్న భ్రమ కలుగుతుంది. ఇది ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు శబ్దం ముప్పావు వంతు పెంచి ఉంచి, చేతితోనే తగ్గిస్తున్నాను. మొదటి రెండు రోజులూ సగం స్వరాలు పలకనేలేదు. మెట్టు ఎంత లోతున పలుకుతుందో వేళ్లకు తెలిశాక అవి ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి.

వేగం నిమిషానికి 60 దెబ్బలతో మొదలై ఈ ఆదివారానికి 92కు చేరింది. ఇది కొలతలోని మూడు దెబ్బల్లో ఒక్కోదాని లెక్క. మూడు నిమిషాల్లో ముగించాలంటే 110 దగ్గర ఉండాలి. తొందరేమీ లేదు. ప్రస్తుతం అడ్డం పడుతున్నది, కుడిచేతి పాట అష్టకాల్లోకి (ఒకే స్వరం పై స్థాయిలో, కింది స్థాయిలో కలిపి) వెళ్లే చోటు. అక్కడ చిటికెనవేలు పాడాలి, బొటనవేలు నీడలా ఉండాలి. నాకు తిరగబడుతోంది. ఈ వారం కింది స్వరాన్ని పూర్తిగా వదిలి, చిటికెనవేలొక్కదానితోనే ఆ వరస వాయిస్తున్నాను. నాలుగో వేలు మీద ఇప్పటికే కాయ కాసింది, చిటికెనవేలు ఇంకా మెత్తగానే ఉంది.